మీరు రాని రోజున కూడా నడవాలి

తార్నాక స్టేషన్లో పొద్దున మెట్రో ఎక్కేవాళ్లలో చాలామంది భుజాన ల్యాప్‌టాప్ సంచి ఉంటుంది. మల్కాజ్‌గిరి, లాలాపేట, నాచారం నుంచి వచ్చి, రాయదుర్గం రైలు పట్టుకుని హైటెక్ సిటీకి పోతారు. చీకటి పడ్డాక అలసిపోయి తిరిగొస్తారు. వాళ్లలో కొందరి మనసులో ఒక కోరిక మెదులుతూ ఉంటుంది: నేను నేర్చుకున్న విద్య జీతానికే కాకుండా నలుగురికీ పనికొస్తే బాగుండు. ఆ కోరిక ఉన్న మీతోనే మాట్లాడుతున్నాను.

మీ ఇంటికి అరగంట దూరంలోనే ఏదో ఒక స్వచ్ఛంద సంస్థ ఉంటుంది. రెండు గదుల అద్దె ఇల్లు, ఒక పాత డెస్క్‌టాప్, సగం రోజులు పనిచేసే ప్రింటర్, బీరువా నిండా రసీదు పుస్తకాలు. మీరు సాఫ్ట్‌వేర్ మనిషని తెలియగానే అక్కడ లెక్కలు చూసే ఆమె కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. తరువాత మెల్లగా అసలు సంగతి చెబుతుంది. “మా వెబ్‌సైట్ ఓపెన్ అయితలేదు సార్. పాస్‌వర్డ్ మారుద్దామంటే ఓటీపీ ఎనుకట మాకు చేసిచ్చిన పిలగాడి ఫోనుకు పోతది. ఆయన అమెరికాల ఉన్నడట. ఆ నంబరు ఇప్పుడు లేదు.”

ఇలాంటి మాట చాలా సంస్థల్లో వినిపిస్తుంది. ఆ పిల్లవాడు చెడ్డవాడేం కాదు. మంచి మనసుతో వచ్చాడు, ఆదివారాలు కూర్చున్నాడు, పైసా తీసుకోలేదు. అయితే చేసిన పనిని తన ఫోను నంబరుకు కట్టేసి వెళ్లాడు. కాబట్టి సాయం చేయబోయే ముందే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగాలి. నేను రాని రోజున ఇది నడుస్తుందా? నడిస్తే అది సాయం. నడవకపోతే, ఎంత తెలివిగా చేసినా, వాళ్ల నెత్తిన పెట్టిన మరో బరువు.

ఇందులో వ్యక్తిత్వ వికాసం ఏముందని అడగవచ్చు. చాలా ఉంది. మీ ఉద్యోగంలో అవసరమేమిటో రాసిచ్చేవాళ్లు వేరే ఉంటారు. తప్పులు పట్టడానికి ఒకరు, గడువు గుర్తుచేయడానికి ఇంకొకరు ఉంటారు. ఇక్కడ ఆ పనులన్నీ మీ స్వభావమే చేయాలి. ఎదుటివాళ్లకు ఏం కావాలో ఓపికగా రాబట్టడం, చేయలేనిది చేయలేనని చెప్పడం, తెలిసింది రాసిపెట్టడం, చివరికి పక్కకు జరగడం. ఏ శిక్షణ తరగతికి డబ్బు కట్టినా ఈ గుణాలు ఇంత తొందరగా అలవడవు.

రసీదు పుస్తకంతో మొదలు

మొదటిసారి వెళ్లినప్పుడు వాళ్లు “మాకొక యాప్ కావాలి” అంటారు. సరే అనకండి, వద్దనీ అనకండి. “నిన్న పొద్దుటి నుంచి ఏమేం పనులు చేశారమ్మా?” అని అడగండి. ఏం కావాలని అడిగితే ఎక్కడో విన్నది చెబుతారు. నిన్న ఏం చేశారని అడిగితే తమ బతుకు చెబుతారు. ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంచి, రసీదు ఎలా రాస్తారో చూడండి, హాజరు పట్టీ తిరగేయండి. ఆ పూట మీకు వేరే పనేమీ లేదు.

ఒక చిన్న సంస్థలో విరాళం డబ్బు ఏ దారిన పోతుందో చూద్దాం. దాత వచ్చి మూడువేలు ఇస్తాడు. చేత్తో రసీదు రాసి ఒక ప్రతి ఆయనకిస్తారు. సాయంత్రం అదే అంకె నోటుబుక్కులోకి ఎక్కుతుంది. వారానికోసారి ఎక్సెల్ షీట్లోకి పోతుంది. నెలాఖరున వచ్చే అకౌంటెంట్ దాన్ని ట్యాలీలో మళ్లీ కొడతాడు. ఒకే అంకెను నాలుగుసార్లు రాస్తున్నారన్నమాట. ఎక్కడో ఒకచోట మూడువేలు ముప్పైవేలవుతుంది. మార్చి దాటాక ఆడిటర్ అడుగుతాడు: దాతల పాన్ నంబర్లేవి?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. ఆదాయపు పన్ను చట్టం 80జీ కింద మినహాయింపు ఉన్న సంస్థలు 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి దాతల వివరాలతో 10బీడీ అనే పట్టిక దాఖలు చేయాల్సి వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 దానికి గడువు. దాటితే రోజుకు 200 రూపాయల రుసుము. ఆ పట్టికలో దాత పేరు లేకపోతే ఆయనకు పన్ను మినహాయింపు పత్రం రాదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అసలు మినహాయింపే లేదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చాక ఫారాల నంబర్లు మారతాయి కనుక ఏ ఏటికి ఏ ఫారమో ఆడిటర్‌నే అడగాలి. ఫారం పేరు మారినా, ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, ఏ రూపంలో ఇచ్చారన్న అక్కర మారదు.

ఇప్పుడు చెప్పండి, వాళ్లకు కావలసింది యాపా? రసీదు పుస్తకంలో పాన్ నంబరుకు ఒక గడి, ఫోను నంబరుకు ఒక గడి. అచ్చు వేయించడానికి ప్రింటింగ్ ప్రెస్ చాలు. ఆ తరువాత నోటుబుక్కు తీసేసి రసీదు నుంచే నేరుగా షీట్లోకి ఎక్కించడం. నాలుగు రాతలు మూడయ్యాయి. ఇదంతా సాఫ్ట్‌వేర్ పని కాదని మీకు చిన్నతనంగా అనిపించవచ్చు. అలా అనిపిస్తే ఒకసారి ఆగి ఆలోచించండి. మీరు వచ్చింది వాళ్ల కష్టం తగ్గించడానికా, మీ చేతికొచ్చిన విద్య చూపించుకోవడానికా? నిజాయితీగా జవాబు చెప్పుకున్నవాడు ఆ రోజు ఒక మెట్టు ఎక్కినట్టే.

విద్యార్థులకు ఇక్కడ ఒక హెచ్చరిక. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలోగానీ చుట్టుపక్కల కాలేజీల్లోగానీ చివరి ఏడాది ప్రాజెక్టుకు సంస్థల పని తీసుకోవాలన్న ఉత్సాహం మంచిదే. కానీ మీ ప్రాజెక్టు వైవాతో అయిపోతుంది, సంస్థ పని జూన్‌లో బడి తెరవగానే మొదలవుతుంది. అందుకని మొదటి రోజే జూనియర్ ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. మార్కులు మీవే, పని మాత్రం ఇద్దరికీ తెలియాలి.

మచ్‌నూర్ మహిళలు

సాంకేతికత ఎవరి చేతిలో ఉండాలన్నదానికి తెలంగాణలో నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ జహీరాబాద్ దగ్గర ఉంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాల సాగుతో పేరు తెచ్చుకుంది. దాని ఊరి సంఘాల్లోని మహిళల్లో ఎక్కువమంది బడి ముఖం చూడని దళిత రైతులు. 1990ల చివర్లో వాళ్లకు వీడియో కెమెరా పట్టడం నేర్పారు. యునెస్కో తోడ్పాటుతో మచ్‌నూర్‌లో రేడియో స్టూడియో కట్టారు.

స్టూడియో సిద్ధమైంది, ప్రసారానికి అనుమతి లేదు. ఆ రోజుల్లో మన దేశంలో స్వచ్ఛంద సంస్థలు రేడియో నడపడానికి చట్టం ఒప్పుకునేది కాదు. చాలాచోట్ల ఇలాంటప్పుడు యంత్రాలకు గుడ్డ కప్పేసి ఎదురుచూస్తారు. ఈ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేస్తూనే ఉన్నారు. క్యాసెట్లు సంఘం సమావేశాలకు తీసుకుపోయి వినిపించారు. విత్తనాల ముచ్చట్లు, పాటలు, పండగలు, వైద్యాలు అన్నీ టేపుల మీదికి ఎక్కాయి. 2006లో సామాజిక రేడియో విధానం మారింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. పల్లెలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సామాజిక రేడియోకు లైసెన్సు రావడం దేశంలో అదే మొదలు. స్టూడియో నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు ఆ ప్రాంతపు ఆడపడుచులు. అనుమతి వచ్చేనాటికి వాళ్లకు పని కొత్త కాదు.

కెమెరా సంగతి ఇంకా బాగుంటుంది. కెమెరా కోణాల్లో ఒకదానికి ఆ మహిళలు పటేల్ షాట్ అని పేరు పెట్టారు, పటేలుకూ కూలీకీ మధ్య ఉండే ఎత్తు తేడాను తలపిస్తుంది గనుక. మనిషి కంటికి కన్ను ఎదురుగా పెట్టి తీసేది సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు గనుక. నేర్పడానికి వెళ్లినవాళ్లు ఈ పేర్లు పెట్టలేదు. నేర్చుకున్నవాళ్లు తమ ఊరి అనుభవంలోంచి తీసుకున్నారు. ఆ తరువాత ఆ కెమెరాను వాళ్ల నుంచి ఎవరూ విడదీయలేకపోయారు. ఆ సంస్థను నడిపించిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆయన బృందం చేసిన ప్రధానమైన పని పరికరం తెచ్చివ్వడం మాత్రమే కాదు, పరికరం మీద వాళ్లకు హక్కు కలిగేదాకా పక్కన ఉండడం.

మీరు ఒక షీట్ తయారుచేసి ఇచ్చినా ఈ కొలతే వాడండి. అందులోని గడులకు పేర్లు ఎవరు పెట్టారు? మీరు “బెనిఫిషియరీ ఐడీ” అని పెట్టి ఉంటే, వాళ్లు రిజిస్టర్లో ఏమని రాసుకుంటారో కనుక్కుని అదే పెట్టండి. “పిల్ల నంబరు” అంటే అదే. వరసలు ముందువెనకలు చేసుకోవాలనిపిస్తే వాళ్లే చేసుకోగలగాలి. అలా మార్చి చూపించిన రోజున మీరు సంతోషపడాలి, “నేను పెట్టింది కదిలించారేంటి” అని ముఖం ముడుచుకోకూడదు.

ఉచితం అన్న మాట

సంస్థలకు కంప్యూటర్ల మీద ఖర్చు పెట్టే స్తోమత ఎందుకుండదో చాలామంది కుర్రవాళ్లకు అర్థం కాదు. దాతలు పిల్లల భోజనానికి ఇస్తారు, కుట్టుమిషన్లకు ఇస్తారు, మందులకు ఇస్తారు. “మా సర్వర్ అద్దె కట్టండి” అంటే ఇవ్వరు. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకైతే చట్టమే బిగించింది. 2020లో ఎఫ్‌సీఆర్ఏ సవరణ పాలనా ఖర్చుల హద్దును 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం లాంటివన్నీ ఆ ఇరవైలోనే సర్దుకోవాలి. ఇక కంప్యూటర్ ఎవరికి గుర్తుంటుంది?

అందుకే ఉచితంగా వచ్చేవాటి కోసం చూడాల్సిందే. నమోదైన సంస్థలకు, పరిశీలన పూర్తయ్యాక, గూగుల్ ఈమెయిల్, డ్రైవ్ సదుపాయాలను ఉచితంగా ఇస్తుంది. సంస్థ పేరుతో మెయిల్ వస్తుంది గనుక ఓటీపీ బాధలు సగం తీరతాయి. క్షేత్రంలో సర్వేలు చేసే సంస్థలకు కోబో టూల్‌బాక్స్ మంచిది. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఓపెన్ డేటా కిట్ పునాది మీద అది పెరిగింది. సిగ్నల్ లేని ఊళ్లో ఫోనులోనే నింపుకుని, సిగ్నల్ దొరికాక పంపవచ్చు. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు.

కానీ ఉచితం ఎప్పుడూ ఒకరి ఇష్టం మీద నడుస్తుంది. 2025లో మైక్రోసాఫ్ట్ సంస్థలకు ఉచితంగా ఇస్తున్న బిజినెస్ ప్రీమియం లైసెన్సులను ఆపేసి, తక్కువ సదుపాయాలున్న బేసిక్ రకాన్ని మాత్రమే ఉచితంగా ఉంచింది. అది వాళ్ల వ్యాపార నిర్ణయం, తప్పుపట్టాల్సిన పనిలేదు. ముందుచూపు మనకు ఉండాలి. ఏ ఉచిత సేవలో దిగినా, “దీన్నుంచి బయటికి రావాలంటే మన సమాచారం అంతా మామూలు షీట్ రూపంలో తీసుకోగలమా?” అని మొదటి రోజే చూసుకోండి. తీసుకోలేకపోతే దిగకండి. నెలకోసారి ఆ ప్రతిని ఒక హార్డ్‌డిస్క్ మీదికి ఎక్కించే బాధ్యత ఆఫీసులో ఒకరికి, పేరు పెట్టి, అప్పగించండి. “అందరూ చూసుకుంటారు” అంటే ఎవరూ చూసుకోరు.

మీ శ్రమ సంగతి కూడా ఇక్కడే మాట్లాడుకుందాం. సేవ అంటే డబ్బు తీసుకోకూడదన్న భావన మనలో బలంగా ఉంది. గౌరవించదగ్గదే. అయినా, పదేళ్లు నిలవాల్సిన పని ఉన్నప్పుడు న్యాయమైన రుసుము తీసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకుని, సమయానికి చేసి ఇవ్వడమే మేలు అని నా అభిప్రాయం. ఉచితంగా చేసేవాడు ఆఫీసులో పని పెరగగానే కనిపించకుండా పోతాడు, అడగడానికి సంస్థవాళ్లకు నోరు రాదు. రుసుము తీసుకున్నవాణ్ని అడగవచ్చు. అమెరికాలో 1987లో డేనియల్ బెన్-హోరిన్ కాంప్యుమెంటర్ పేరుతో కంప్యూటర్ తెలిసిన స్వచ్ఛంద సేవకులను సంస్థలతో కలపడం మొదలుపెట్టాడు. టెక్‌సూప్‌గా ఇవాళ అనేక దేశాల్లో కనిపించేది అదే. ఆ కలయిక నిలబడటానికి మంచి మనసులతోపాటు పట్టించుకుని నడిపే ఒక వ్యవస్థ కూడా కావలసి వచ్చింది.

ఉచితంగానే చేస్తానంటే చేయండి, హద్దు మాత్రం చెప్పండి. “నెలలో రెండో శనివారం మధ్యాహ్నం వస్తాను. రాత్రి తొమ్మిది దాటాక ఫోను ఎత్తలేను. ఈ మూడు పనులు చేస్తాను, వెబ్‌సైట్ చేయలేను.” ఇలా చెప్పడం మొదట్లో నాలుక చివర ఆగిపోతుంది. మొహమాటం మన ఇళ్లలో పుట్టినప్పటి నుంచి నేర్పే గుణం. కానీ మొహమాటంతో ఒప్పుకున్న పని ఆరు నెలలు ఆగిపోతే నష్టపోయేది అక్కడి పిల్లలు, ముసలివాళ్లు. మర్యాదగా, ముందుగా, స్పష్టంగా కాదని చెప్పగలిగినవాడి అవుననే మాటకు విలువ ఉంటుంది. దీన్ని ఆఫీసులో నేర్చుకోవడం కష్టం. ఇక్కడ నేర్చుకుంటే ఆఫీసులోనూ పనికొస్తుంది.

తెలుగులో లేకపోతే వాళ్లది కాదు

ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్ లాంటి బస్తీలో సాయంత్రం పిల్లలకు చదువు చెప్పే కార్యకర్తను ఊహించుకోండి. ఇంటర్ చదివింది, ఫోనులో తెలుగు చకచకా కొడుతుంది, ఇంగ్లీషు ఫారం చూస్తే బెదిరిపోతుంది. ఆమె చేతికి ఇంగ్లీషు గడులున్న షీట్ ఇచ్చి “సరిగా నింపడం లేదు” అని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. తప్పు ఆమెది కాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్రలోనే దీనికి దారి ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉన్నత చదువు చెప్పాలని దాన్ని నెలకొల్పడానికి ఒక ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద కార్యాలయం తెరిచారు. సైన్సు, చట్టం, వైద్యం పుస్తకాలు ముందు భాషలోకి రావాలి, తరువాతే తరగతి నడవాలి అని వాళ్లు అనుకున్నారు. పాఠం కన్నా ముందు మాట సిద్ధం చేశారు. వందేళ్లు దాటాక అదే విశ్వవిద్యాలయం పక్కన కూర్చుని మనం మూడు గడుల ఫారం తెలుగులోకి మార్చడానికి బద్ధకించడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు ఆ పని చాలా సులభం కూడా. దానికి కారణం ముందుతరం కార్యకర్తలు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జున, పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణాన్నీ తయారుచేశారు. వీవెన్ తెలుగు టైపు చేసే లేఖిని తెచ్చాడు. ఈ-తెలుగు సంఘం సభ్యులు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో బల్ల వేసుకుని కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో వచ్చినవాళ్లకు వచ్చినట్టు చూపించారు. స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ చేసింది, కాలేజీ పిల్లలను పోగుచేసి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్పింది. ఎవరికివారు తమ తీరిక వేళల్లోంచి తీసి పెట్టిన శ్రమ అది. మీరు చేయబోయేది ఆ వరసలో తరువాతి పని.

సంస్థల బీరువాల్లో ఇంకో సమస్య దాగి ఉంది. ఇరవై ఏళ్ల నాటి నివేదికలు, కరపత్రాలు, సభ్యుల జాబితాలు పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే చెత్త అక్షరాలు కనిపిస్తాయి. వెతికితే దొరకవు. సంస్థ పుట్టినప్పటి చరిత్రంతా అక్కడ మూగగా పడి ఉంటుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కో పేజీ చదివి సరిచూసి, ఏడాదుల వారీగా సర్దిపెట్టడం ఎవరి కంటికీ ఆనని పని. ప్రోగ్రామింగ్ తెలియకపోయినా చేయవచ్చు. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో చదివేవాళ్లు, ఆర్ట్స్ కాలేజీలో తెలుగు, సోషియాలజీ చదివేవాళ్లు ఇలాంటిచోట సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కన్నా ఎక్కువ సాయపడగలరు. “నాకు కోడింగ్ రాదు” అని వెనక్కి తగ్గకండి.

పిల్లల వివరాలు

ఒక విషయంలో మాత్రం మెతకగా ఉండవద్దు. సంస్థల దగ్గర ఉండే సమాచారం దుకాణం సమాచారం లాంటిది కాదు. ఏ పిల్ల బడి మానేసింది, ఏ ఇల్లాలు దెబ్బలు తిని వచ్చింది, ఎవరికి ఏ జబ్బు ఉంది, ఎవరి ఆధార్ నంబరు ఎంత, ఇవన్నీ అక్కడ ఉంటాయి. ఆ షీట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతూ ఉంటుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. అయినా దాన్ని ఎవరు చూస్తున్నారో ఎవరికీ తెలియదు.

2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలని ఆ చట్టం చెబుతుంది. జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ ఉండవచ్చు. చిన్న సంస్థను భయపెట్టడానికి ఈ అంకె చెప్పడం లేదు. చట్టం రాకముందూ ఆ పిల్లకు ఆ గౌరవం దక్కాల్సిందే.

మీరు చేయగలిగింది తేలికే. అక్కర్లేనిది అడగకుండా ఉంటే సగం పని అయినట్టే. కులం గడి ఎందుకుంది, ఆధార్ గడి ఎందుకుంది అని ఒక్కొక్కటి అడగండి. “ఎప్పుడో దాత అడిగారు” అన్నది తప్ప వేరే కారణం లేకపోతే తీసేయించండి. పేర్లున్న షీట్ ఒకచోట, పేర్లు లేని లెక్క ఇంకోచోట ఉంచండి. మాజీ కార్యకర్తల పేర్లు డ్రైవ్‌లోంచి తీసేయించండి. ఈ పని మొదలుపెట్టేటప్పుడు మీకు కూడా చూడనక్కరలేని షీట్లు ఏవో తెలుసుకుని, వాటి నుంచి మీ పేరు కూడా తీయించుకోండి. నమ్మకం ఉంచారని అన్నీ చూసే హక్కు మనకు రాదు.

నిలిచిన సేవ

మల్కాజ్‌గిరి పేరున్న జిల్లాలోనే, మేడ్చల్ వైపు, దేవరయాంజాల్లో 108 అంబులెన్సులు నడిపే ఈఎంఆర్ఐ ప్రధాన కేంద్రం ఉంది. 108కు ఫోను చేస్తే అంబులెన్సు రావడం అనే ఆలోచనను లాభాపేక్ష లేని సంస్థగా 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. ఫోను ఎత్తడం, ఎక్కడున్నారో కనుక్కోవడం, దగ్గరి బండిని పంపడం, దారిలో ప్రథమ చికిత్స అన్నీ ఒక గొలుసుగా, కంప్యూటర్ల సాయంతో కట్టారు. దాని వెనక సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు ఉన్నారు.

2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. వ్యవస్థాపకుడు జైలుకు వెళ్లాడు. కంపెనీ ఊపిరికోసం పోరాడుతోంది. ఆ రోజుల్లో కూడా 108 నొక్కితే బండి వచ్చింది. ఆ ఏడాదే జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. సేవ ఆగకపోవడానికి, నిధులు ఇచ్చేది ప్రధానంగా ప్రభుత్వం కావడం ఒక కారణం. రెండోది, నా దృష్టిలో పెద్దది: ఫోను ఎత్తే అమ్మాయికి ఏం అడగాలో రాసి ఉంది, డ్రైవరుకు ఏం చేయాలో నేర్పి ఉంది. పైన ఎవరు కూర్చున్నారన్నదాని మీద ఆ పూట ప్రాణం ఆధారపడలేదు. ఒక మనిషి పడిపోయినా ఆయన కట్టింది పడిపోలేదు.

మీరు చేసేది ఇంత పెద్దది కాదు, సూత్రం మాత్రం అదే. కాబట్టి పని చేస్తున్నప్పుడే రాసిపెట్టండి, చివర్లో కాదు. నాలుగు పేజీల తెలుగు కాగితం, బొమ్మలతో, అచ్చు వేసి బీరువా తలుపుకు అతికించినా ఫరవాలేదు. డొమైన్ పేరు ఎవరి పేరిట నమోదైంది, ఏ తేదీన రుసుము కట్టాలి, ఏ కార్డు నుంచి పోతుంది, ఏది పాడైతే ఎవరికి ఫోను చేయాలి, అన్నీ అందులో ఉండాలి. డొమైన్ సంస్థ పేరిట, సంస్థ మెయిల్‌తో, సంస్థ ఖాతా నుంచే ఉండాలి. మీ మీద ఎంత నమ్మకమున్నా మీ పేరిట ఒక్కటీ పెట్టనివ్వకండి. ఓటీపీ నంబరు ఆఫీసు సిమ్‌కే పోవాలి, ఆ సిమ్ రీఛార్జి తేదీ కూడా ఆ కాగితం మీద ఉండాలి.

అప్పగించేటప్పుడు మీరు చేసి చూపించవద్దు. వాళ్లు చేస్తుంటే వెనక కూర్చుని చేతులు కట్టుకోండి. మౌసు మీదికి చెయ్యి పోతుంటే ఆపుకోండి, ఇది చాలా కష్టమైన అభ్యాసం. ఆమె తప్పు బటన్ నొక్కుతుంది, కంగారుపడి మీ వైపు చూస్తుంది. “కాగితం చూసి చెప్పండమ్మా, తరువాత ఏముంది?” అనండి. ఆ తరువాత ఒక నెల మీరు వెళ్లకండి, ఫోను చేసి కనుక్కోకండి. ఆ నెలలో ఏం ఆగిపోయిందో అదే మీరు సరిగా చేయని పని. వెళ్లి దాన్ని సరిదిద్దండి.

ఇంకో మాట. సంస్థవాళ్లు సన్మానం చేస్తామంటారు, శాలువా తెస్తారు. ప్రేమతో ఇస్తే తీసుకోండి. అయితే ఆ వేదిక మీదికి లెక్కలు చూసే ఆమెను, ఫీల్డ్ కార్యకర్తను కూడా పిలవమని అడగండి. రోజూ నడిపేది వాళ్లు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో రాష్ట్రాల వారీగా సంస్థల జాబితా ఉంటుంది. తెలంగాణలో, మీ ఇంటికి దగ్గరగా ఉన్న రెండుమూడు పేర్లు రాసుకోండి. సెలవు రోజున కాకుండా పని రోజున, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఫోను చేయండి. “నేను ఫలానా, సాఫ్ట్‌వేర్లో పనిచేస్తాను, మీ పని ఎలా నడుస్తుందో ఒక పూట చూడటానికి రావచ్చా అమ్మా?” అని అడిగితే చాలు. ఏం చేస్తానో అప్పుడే చెప్పకండి, ఏం కావాలో అప్పుడే అడగకండి. మే నెల మాత్రం వదిలేయండి. ఆ నెలంతా వాళ్లు ఆడిటర్ చుట్టూ తిరుగుతుంటారు, మీతో మాట్లాడే తీరిక ఉండదు. జూన్ రెండో వారం మంచిది.